వేషం ఎవరు కట్టాలి? రమణకు ఉత్తరం

తిరుపతి,
ఆదివారం

ఒరే రమణా,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. "ఇంతసేపు మాట్లాడింది స్నో వైట్ గురించా!" అని మా అక్క వంటింట్లోంచి అడిగింది. ఫోన్లో జవాబు చెబితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, నేను గొంతు పెంచుతాను, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు.

డిస్నీ వాళ్ల 2025 స్నో వైట్ సినిమా మీద నువ్వన్నది ఇదే కదా: "కథలోనే మంచులాంటి తెల్లపిల్ల అని ఉంటే కొలంబియా మూలాలున్న రేచల్ జెగ్లర్‌ని ఎట్లా పెడతారు? కథ మార్చే హక్కు వీళ్లకెవరిచ్చారు?" మొదటి సగం ఒప్పుకుంటాను. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన కథలో రాణి కిటికీ దగ్గర కూర్చుని కుట్టుకుంటూ వేలికి సూది గుచ్చుకుంటుంది. మూడు చుక్కల రక్తం మంచు మీద పడుతుంది. మంచంత తెల్లగా, రక్తమంత ఎర్రగా, ఆ కిటికీ చెక్కంత నల్లగా ఉండే బిడ్డ కావాలని కోరుకుంటుంది. కాబట్టి రంగు కథలో ఉన్న మాట నిజం. అందుకే 2025 సినిమాలో మంచు తుఫానులో పుట్టింది గనక ఆ పేరు పెట్టారని సర్దుకున్నారు.

రెండో సగం మాత్రం మింగుడు పడలేదు. అదే కథలో ఆ పిల్లకు ఏడేళ్లు. ముద్దు పెట్టి లేపే రాకుమారుడు లేడు. తర్వాతి అచ్చుల్లో చూస్తే, పేటిక మోసేవాళ్ల కాలు తడబడి ఆ కుదుపుకి గొంతులో ఇరుక్కున్న యాపిల్ ముక్క బయటపడి లేచి కూర్చుంటుంది. చివర్లో రాణికి ఎర్రగా కాల్చిన ఇనప చెప్పులు తొడిగి చచ్చేదాకా ఆడిస్తారు. మొదటి అచ్చులో ఆ రాణి సవతితల్లి కూడా కాదు, కన్నతల్లి! ఆ ఏడుగురు మరుగుజ్జులకు గ్రిమ్ కథలో పేర్లే లేవు. 1937 బొమ్మల సినిమాలో ఒక్కొక్కరికి ఒక్కో పేరు పెట్టి, ముద్దు చేర్చి, ఇనప చెప్పులు తీసేస్తే లోకమంతా నెత్తిన పెట్టుకుంది. ఇన్ని మారినప్పుడు రాని కోపం మొహం మారగానే ఎందుకొచ్చింది రా? నా బాధంతా ఇదే.

డిస్నీ వాళ్ల 'లిటిల్ మెర్మెయిడ్' సినిమాలోని జలకన్య ఏరియల్ సంగతి ఇంకా అన్యాయం. ఆండర్సన్ 1837లో డెన్మార్క్‌లో రాసిన కథలో ఆ చిన్న జలకన్యకు పేరు కూడా లేదు. ఆమెకు రాకుమారుడు దక్కడు. అతన్ని కత్తితో పొడిస్తే మళ్లీ సముద్రంలోకి పోవచ్చని అక్కలు కత్తి తెచ్చిస్తారు. ఆ పిల్లకు చెయ్యి రాదు, కత్తి విసిరేసి నురగైపోతుంది. ఎర్ర జుట్టు, ఏరియల్ అనే పేరు, పెళ్లి, అన్నీ 1989 సినిమాలోవి. ఏ కథనైతే కాపాడాలని జనం యుద్ధానికి దిగారో ఆ కథ గుండెకాయను 1989లోనే తీసి పక్కన పెట్టారు. దాని గురించి ఒక్కరూ అడగలేదు.

2019 జులైలో కొత్త సినిమాలో ఏరియల్‌గా నల్లజాతి గాయని హాలీ బెయిలీ పేరు చెప్పగానే ఏమైందో గుర్తుంది కదా? అప్పటికి ఆ అమ్మాయికి 19 ఏళ్లు. గ్రామీ అవార్డుల వేదిక మీద అక్కతో కలిసి పాడుతుంటే చూసి దర్శకుడు రాబ్ మార్షల్ పిలిపించాడు. అంటే గొంతు విని తీసుకున్నారు. జలకన్య కథలో గొంతే కదా ముఖ్యం! ఆమె పోగొట్టుకునేదీ అదే. 'ఈమె నా ఏరియల్ కాదు' అని ఊరూవాడా అరిచిన వాళ్లలో ఆమె పాట విన్నవాళ్లు ఎంతమంది? ఇంకా సినిమా మొదలే కాలేదు. 2022 సెప్టెంబరులో చిన్న టీజర్ వచ్చినప్పుడు మళ్లీ అదే గోల. కానీ అప్పుడే ఇంకోటి జరిగింది. అమెరికాలో నల్లజాతి తల్లిదండ్రులు టీజర్ పెట్టి, చూస్తున్న తమ పిలకాయల్ని వీడియోలు తీశారు. వాటిని నేను చాలా చూశాను. సోఫా అంచున కూర్చున్న చిన్నపిల్ల ఒకటి తెర మీద మొహం కనబడగానే నోరు తెరిచి, వాళ్లమ్మ వైపు తిరిగి, "నాలాగే ఉంది!" అంది. ఆ పిల్ల కళ్లు చూడరా నువ్వు. ఆ తర్వాత కూడా నీకు కోపం మిగిలితే అప్పుడు మాట్లాడదాం.

1989లో ఏరియల్‌కి గొంతిచ్చిన జోడీ బెన్సన్ ఏం చేసిందో తెలుసా? హాలీ పక్షాన నిలబడింది. 2023 సినిమాలో సంతలో ఒక చిన్న వేషం వేసి, కొత్త ఏరియల్ చేతికి ఫోర్కు అందిస్తుంది. పాత ఏరియల్‌కి లేని అభ్యంతరం మనకెందుకు?

నువ్వు "స్నో వైట్ ఫ్లాప్ అయింది చూశావా" అన్నావు. అయింది. 20 కోట్ల డాలర్లు దాటింది అంతే, ఖర్చు అంతకంటే ఎక్కువ. పాత సినిమాలోని రాకుమారుడి గురించి జెగ్లర్ మాట్లాడిన మాటలకు జనం నొచ్చుకున్నారు, రాజకీయాలు కూడా దూరాయి. కానీ ఎవరిని ఎంచుకోవాలో తేల్చింది ఆ అమ్మాయి కాదు కదా? కథ రాసింది ఆమె కాదు, డబ్బు పెట్టింది ఆమె కాదు. తిట్లు మాత్రం ఆమెకే. ఫ్లాపుకి రంగే కారణమైతే హాలీ సినిమా దాదాపు 57 కోట్ల డాలర్లు ఎట్లా తెచ్చింది?

ఇప్పుడు మన సంగతికి వస్తా. 1957లో అల్లావుద్దీన్‌గా అక్కినేని నాగేశ్వరరావు గారు వేశారు. 1968లో బాగ్దాద్ గజదొంగ ఎవరు? నందమూరి రామారావు గారు! అరబ్బు మొహం కాదని మన తాతలు ఒక్కరైనా టికెట్ వాపసు అడిగారా? 2019 అల్లాద్దీన్‌లో భూతానికి తెలుగులో వెంకటేష్ గొంతిస్తే మనం సంబరపడ్డాం. అదే సినిమాలో జాస్మిన్‌గా నయోమీ స్కాట్‌ను తీసుకున్నప్పుడు ఈమె అరబ్బు కాదు, వాళ్లమ్మది భారతీయ మూలం అని అక్కడ కొందరు గొడవ చేశారు. కొందరు తెల్లవాళ్లకు గోధుమరంగు మేకప్ పూశారని 2018లో బయటికి వచ్చింది, డిస్నీ ఒప్పుకుంది. ఆ కోపం నాకర్థమవుతుంది. అరబ్బు నటులకు ఎప్పుడూ దుండగుల వేషాలే ఇచ్చి, తీరా మంచి వేషం వచ్చినప్పుడు వాళ్లను పక్కన పెట్టకూడదు. ఇంతకీ పాత పుస్తకంలో అల్లావుద్దీన్ చైనా కుర్రాడని ఎంతమందికి తెలుసు?

రమణా, మన ఊరి ధర్మరాజుల గుడి దగ్గర భారతం గుర్తు తెచ్చుకో. పగలు హరికథ, రాత్రి నాటకం. ద్రౌపది వేషం కట్టిన ఆయన పగలు లుంగీ ఎగ్గట్టి చెరకు నరికే మనిషి. మనం తెర వెనక దూరి చూసేవాళ్లం. లాంతరు వెలుతురులో చిన్న అద్దం ముందు కూర్చుని, గడ్డం నున్నగా గీసుకుని, అర్దళం మొహమంతా పూసుకుని, సవరం జడకు కుప్పెలు పెట్టుకునేవాడు. వంతు వచ్చేలోపు చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య నొక్కిపెట్టి బీడీ కాల్చేవాడు. అదే మనిషి సభలోకి వచ్చి పద్యం ఎత్తుకుంటే మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేది. వస్త్రాపహరణం రాత్రి ఊళ్లో ఏ ఆడమనిషి కళ్లూ పొడిగా ఉండేవి కావు. ఆయన చేతుల మీద చెరకాకు గీతలు వాళ్లకూ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఆ రాత్రికి ఆయనే ద్రౌపది. మే నెలలో మన గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని వస్తే వాళ్లలో అమ్మవారినే చూసి దండం పెడతాం. ఇంత పెద్ద మనసున్న ఊళ్లలో పుట్టి, ఎక్కడో ఒక అమ్మాయి చేప తోక తగిలించుకుంటే మనం ముఖం చిట్లించుకోవడం నాకు కష్టంగా ఉంది.

కష్టానికి ఇంకో కారణం ఉంది. మా చిన్ని నీకు తెలుసు కదా, మా అక్క కూతురు. వాళ్ల స్కూల్లో పోయిన యానివర్సరీకి స్నో వైట్ నాటకం వేశారు. చిన్నికి డైలాగులన్నీ నోటికి వచ్చు, తనవీ, పక్కవాళ్లవీ. గొంతు గంటలాగా ఉంటుంది. దానికిచ్చిన వేషం ఏమిటో చెప్పనా? అద్దం. నాటకమంతా తెర వెనక నిలబడి మైకులో మాట్లాడాలి. "గొంతు బాగుంది, కానీ స్నో వైట్ అంటే కలర్ మ్యాచ్ అవ్వాలి కదండీ" అని టీచరు మా అక్కతో నవ్వుతూ చెప్పింది. ఆమెకు అందులో తప్పే కనిపించలేదు. రాణి వచ్చి అడిగితే, లోకంలో అందరికన్నా అందమైనది స్నో వైటే అని మా చిన్ని తెర వెనక నుంచి చెప్పింది. ఎంత స్పష్టంగా చెప్పిందో! హాలంతా చప్పట్లు. ఎవరికి కొడుతున్నారో కొట్టినవాళ్లకు తెలియదు. ఇంటికొచ్చాక అది ఏడవలేదు, ఏమీ అడగలేదు. మొహం కడుక్కునేటప్పుడు సబ్బు రెండోసారి పూసుకుంటుంటే మా అక్క చూసి, వచ్చి నాతో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు రా.

కాబట్టి నువ్వు "ఇదంతా అమెరికావాళ్ల గొడవ, మనకేంటి" అనకు. 2024 మార్చిలో అవంతిక వందనపు సంగతి చూశాం కదా. మన తెలుగింటి పిల్ల, అమెరికాలో పుట్టింది, చిన్నప్పుడు మన బ్రహ్మోత్సవం సినిమాలోనూ కనిపించింది. పొడుగాటి బంగారు జుట్టున్న రాకుమారి రపుంజెల్‌గా వేస్తుందని ఒక పుకారు లేచింది. డిస్నీ ఏమీ ప్రకటించలేదు. ఉత్త పుకారుకే ఆ అమ్మాయి ఫొటోల కింద రంగు మీద, దేశం మీద నానా మాటలు రాశారు. అప్పుడు మా ఆఫీసులో అందరూ "మన పిల్లని అంటారా" అని మండిపడ్డారు. మండిపడాల్సిందే. నువ్వూ మండిపడ్డావు, నాకు ఫోన్ చేసి మరీ తిట్టావు. హాలీని అన్నప్పుడూ ఆ కోపమే రావాలి కదరా. ఆమె కూడా ఎవరో ఒకరి ఇంటి పిల్లే.

అట్లాగని జనం ఎంపికల గురించి నోరెత్తకూడదని నేను అనను. స్నో వైట్ విషయంలోనే 2022 జనవరిలో పీటర్ డింక్లేజ్ అనే నటుడు ఒక మాట అడిగాడు. హీరోయిన్ ఎంపిక గురించి అంత గొప్ప చెప్పుకుంటూ, గుహలో బతికే ఏడుగురు మరుగుజ్జుల కథను మళ్లీ అట్లాగే తీస్తారా అని. ఆయనా పొట్టిగా పుట్టిన మనిషే, ఆ అవమానం ఆయనకు తెలుసు. చివరకు డిస్నీ ఆ ఏడుగురినీ కంప్యూటర్ బొమ్మలుగా చేసేసింది. అప్పుడు పొట్టి నటుల్లోనే కొందరు, మా నోటి దగ్గర కూడు పోయిందని బాధపడ్డారు. రెండు వైపులా న్యాయం ఉంది. ఎవరి బతుకు, ఎవరి పని అనే గొడవ అది. దాని గురించి ఎంతసేపైనా వాదించుకుందాం, నేను సిద్ధం. నాకు రోత పుట్టించేది మొహం చూసి ముందే తీర్పు చెప్పడం.

ముందే చెప్పిన తీర్పులు మన దగ్గర నిలబడ్డాయా? మాయాబజార్‌కి ముందు ఒక సినిమాలో రామారావు గారు కృష్ణుడిగా కనిపిస్తే జనం పెద్దగా మెచ్చలేదు. అందుకని మళ్లీ ఆ వేషం వేయడానికి ఆయనే జంకారు. కె.వి. రెడ్డి గారు పట్టుబట్టారు కాబట్టి సరిపోయింది. 2011లో వచ్చిన శ్రీరామరాజ్యంలో బాపు గారు నయనతారను సీతగా పెట్టినప్పుడు ఎన్ని మాటలన్నారు! ఆమె సొంత జీవితాన్ని వీధిలోకి లాగారు. సినిమా వచ్చాక ఆ సీతను చూసి మా అమ్మ కంటతడి పెట్టుకుంది. ఆ ఏడాది ఉత్తమ నటిగా నంది అవార్డు ఆమెకే వచ్చింది.

సరే, ఇక అసలు పని. చిన్ని ఈ ఏడాది స్కూల్లో ఏకపాత్రాభినయానికి పేరిచ్చింది. ఎవరి వేషమో తానే ఎంచుకుంది: ద్రౌపది, సభలో నిలబడి పెద్దల్ని ప్రశ్నించే ఘట్టం. భారతంలో ద్రౌపది నల్లని మనిషని మా అక్క చెప్పాక మరీ పట్టు పట్టింది. ఈసారి తెర వెనక మైకు వద్దని, ముందు ఎంపిక పెట్టి, పిల్లలందరి చేతా చెప్పించి వినమని మా అక్క, నేను వెళ్లి హెడ్మిస్ట్రెస్‌ని అడిగాం. చూద్దామన్నారు. వచ్చే వారం మళ్లీ వెళ్తాం.

మీ నాయన గారు మన నాటకంలో హార్మోనియం వాయించేవారు కదా, ఆ సభ పద్యాలు ఆయనకు ఇంకా నోటికి ఉండే ఉంటాయి. పుస్తకంలో చూసి చదివితే ఆ ఎత్తుగడ రావడం లేదు. ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో మాకు తెలియడం లేదు. నువ్వు దగ్గర కూర్చుని, ఆయన చేత నెమ్మదిగా రెండుసార్లు పాడించి రికార్డ్ చేసి పంపు. వాయిస్ మెసేజ్ ఎంత పొడుగున్నా పర్వాలేదు. శనివారంలోపు కావాలి, ఆదివారం నుంచి ప్రాక్టీసు మొదలుపెట్టాలని అది ఇప్పటికే నా ప్రాణం తీస్తోంది.

అమ్మకు, నాయనకు నా నమస్కారాలు చెప్పు.

నీ
శంకర