వార్షిక నివేదిక: పాత హాలు మలబా, పార్కు నడకదారి

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, బోరు మోటారు రిపేరు, బతుకమ్మ ఏర్పాట్లు ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు. ఈ ఏడు సంఘం ఎక్కువ తిట్లు తిన్నది మాత్రం ఒక్క పనికే: కూల్చిన కమ్యూనిటీ హాలు మలబా (శిథిలాలు) ఏం చేయాలన్నదానికి.

ట్రాక్టరు మాట్లాడి నాలా పక్కన పోయిద్దామన్నవాళ్లే ఎక్కువ. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు ఎట్ల వచ్చాయో ఇంకా ఎవరూ మరిచిపోలేదు కదా! అందుకే వద్దన్నాం. స్లాబు పెడ్డలు పగలగొట్టించి, చువ్వలు తీయించి, జల్లెడ పట్టించాం. నడకదారి కింద బెడ్డుకు మొత్తం ఆ కంకరే వాడాం. పైపొరకు క్వారీ కంకరలో ఐదో వంతు కలిపాం. ఇది మా సొంత తెలివి కాదు. కంకరకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 383 (2016) ప్రకారం ఎం-15 (ఎం అంకె కాంక్రీటు బలాన్ని చెబుతుంది) లోపు బెడ్డు కాంక్రీటుకు పాత కాంక్రీటు కంకర 100 శాతం, చువ్వలు లేని కాంక్రీటుకు 25 శాతం, ఎం-25 వరకు చువ్వలున్నదానికి 20 శాతం వాడుకోవచ్చు.

మొదటి రోజే తప్పు చేశాం. పాత ముక్కలకు అంటుకున్న మాలు నీళ్లు బాగా పీలుస్తుంది. పొడి కంకర వేసేసరికి కలిపిన మాలు బిగుసుకుపోయింది, మేస్త్రీ ఇంకో రెండు బకెట్లు పోశాడు. వారం తర్వాత చెప్పుకాలితో రుద్దితే దుమ్ము లేచింది. ఆ ముక్క తవ్వి మళ్లీ పోశాం. ఆ ఖర్చు లెక్కల్లో విడిగానే చూపాం. అప్పటినుంచి కంకర రాత్రంతా డ్రమ్ముల్లో నానబెట్టి, పొద్దున గోనెసంచుల మీద పైతడి ఆరాక వాడాం.

"దీనితో పర్యావరణానికి ఒరిగిందేంటి?" అని ఒక అక్క సమావేశంలో నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. కంకర మార్చినంత మాత్రాన కార్బన్ డయాక్సైడ్ పెద్దగా తగ్గదు. కాంక్రీటులో అది ఎక్కువగా సిమెంటు నుంచే వస్తుంది. సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి క్లింకరు (సిమెంటుగా పొడి చేసే గడ్డలు) చేస్తారు. బొగ్గు మండినందుకు వచ్చేదానికన్నా రాయిలోంచి వెలువడేదే ఎక్కువ. పాత కంకర బలం చాలదని ఇంకో బస్తా సిమెంటు గుమ్మరిస్తే మిగిలింది కాస్తా పోయినట్టే. అందుకే థర్మల్ ప్లాంట్ల బొగ్గు బూడిద (ఫ్లైయాష్) కలిసిన పీపీసీ సిమెంటు తెప్పించాం. అందులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉంటుంది. రామగుండం, చెల్పూరు ప్లాంట్లున్న మన దిక్కు బూడిదకు కొదవా? పీపీసీ బలం నిదానంగా వస్తుంది కాబట్టి ఎక్కువ రోజులు తడపాలి. పార్కు గేటు మూసినందుకు వాకింగ్ వాళ్లు అలిగింది అందుకే.

పాత కంకరతో మిగిలినవి వేరే ఉన్నాయి: అంత మేర క్వారీ గుట్ట, చెరువు శిఖం, రానుపోను డీజిలు. అదే మలబాను దూరాన ఉన్న కంకర మిషనుకు పంపి తెప్పించుకుంటే డీజిలు కూడా మిగిలేది కాదు.

హాలు వెనక ఇంకా ఒక ట్రాక్టరు జల్లించిన కంకర ఉంది. ఇంటి ముందు ర్యాంపు కింద బెడ్డు పోసుకునేవాళ్లు తీసుకెళ్లొచ్చు. డ్రమ్ములు వాచ్‌మన్ గది పక్కన ఉన్నాయి, పని కాగానే తిరిగి పెట్టండి.

కార్యదర్శి