గుంటూరు అనలేక మంగళగిరిలో దిగిపోయేవాణ్ణి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో భక్తి పేజీలో మనలోని లోపాల్ని జయించాలి అంటూ ఒక వ్యాసం వేశారు. రాసినాయన బాగానే రాశారు, కాదనను, కాకపోతే ఆ జయించడం అనే మాట దగ్గరే నాకు పేచీ, అందుకే ఈ ఉత్తరం. నాకు నత్తి అండి. ఇప్పుడు 46 ఏళ్ళు, నాలుగో ఏట మొదలైందని మా అమ్మ చెప్తుంది. జయించాలి జయించాలి అనుకుంటూనే ముప్పై ఏళ్ళు పోయాయి.

నత్తి లేనివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది, మేము ఒక మాట అంటూనే ఇంకో మూడు మాటల అవతల ఏ అక్షరం రాబోతుందో చూసుకుంటూ ఉంటాం, అది పలకదు అనిపిస్తే ఆ మాటే మార్చేస్తాం. నాకు క, గ పలకవు. ఉద్యోగమేమో విజయవాడలో, ఇల్లేమో గుంటూరు బ్రాడీపేట. ఇంక చూస్కోండి. సాయంత్రం బస్సెక్కితే కండక్టర్ వచ్చి ఎక్కడికండీ అంటాడు, గొంతులో గు దగ్గర తాళం పడిపోతుంది, పెదాలు బిగుసుకుంటాయి, పక్క సీటాయన తల తిప్పి చూస్తాడు, ఎందుకొచ్చిన గొడవ అని మంగళగిరి అనేసేవాణ్ణి. మ నాకు తేలిక. మంగళగిరిలో దిగి షేర్ ఆటో ఎక్కేవాణ్ణి, ఎందుకంటే ఆటో అబ్బాయే గుంటూరు గుంటూరు అని అరుస్తుంటాడు, మనం నోరు తెరవక్కర్లేదు. 30 కిలోమీటర్ల పైచిలుకు దారికి రెండు బళ్ళు, డబుల్ ఖర్చు, ఇంటికెళ్ళేసరికి ఎనిమిదిన్నర, మా ఆవిడ అడిగితే ఆఫీసులో పని అని అబద్ధం. ఇలా ఎన్నేళ్ళో.

మందులు చేయలేదా అంటే చేశారు. మా నాయనమ్మ వసకొమ్ము అరగదీసి తేనెలో నాకించింది. మా లెక్కల మాస్టారు గ్రీకు దేశంలో డెమోస్తనీస్ అనే ఆయన నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని ప్రాక్టీస్ చేసి గొప్ప వక్త అయ్యాడని చెప్తే నేనూ పెట్టుకున్నా, ఒక రాయి లోపలికి పోయింది, రెండ్రోజులు ఇంట్లో ఒకటే గోల. కోటప్పకొండకి మొక్కారు, బెజవాడ దుర్గమ్మకి మొక్కారు. విచిత్రం ఏంటంటే రామాలయంలో భజన చేసేటప్పుడు, పదిమందితో కలిసి విష్ణు సహస్రనామం చదివేటప్పుడు నాకు ఒక్క అక్షరం కూడా తట్టుకునేది కాదు. దేవుడి దగ్గర రానిది మనుషుల దగ్గరే వస్తుందంటే నాలోనే ఏదో తేడా ఉంది, నాకు భక్తి చాల్లేదు అనుకునేవాణ్ణి. నత్తి ఉన్నవాళ్ళు పాడినా, నలుగురితో గొంతు కలిపి చదివినా దాదాపు అందరికీ సాఫీగానే వస్తుందని నలభై దాటాక తెలిసింది నాకు. మెదడు మాటని నడిపే తీరులో ఉండే తేడా అట అది, కొంత వంశంలోంచి వస్తుంది, భయం వల్ల పుట్టేది కాదు, పుట్టినదాన్ని భయం పెంచుతుంది అంతే. ఆ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే దేవుడి దగ్గర అన్నేళ్ళు ముద్దాయిలా నిలబడేవాణ్ణి కాదు.

ఒకరోజు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే బయల్దేరి, అలాగే మంగళగిరిలో దిగిపోయి, ఆ రోజు ఎందుకో ఆటో ఎక్కబుద్ధి కాక కొండ మీద పానకాల స్వామి దగ్గరికి వెళ్ళా. మీకు తెలిసిందే, స్వామి నోట్లో పానకం పోస్తే గుటగుటమని సగం తాగి సగం బయటికి వదిలేస్తాడు, ఆ మిగిలిందే మనకి ప్రసాదం. చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. ఆ రోజు మాత్రం ఆ మిరియాల ఘాటు గొంతులో దిగుతుంటే అనిపించింది, నేను ఇన్నాళ్ళూ స్వామీ ఇది మొత్తం తీసేసుకో అని పోస్తున్నా, ఆయనేమో సగం నా చేతికే ఇస్తున్నాడు కదా అని. ఇది నా సొంత పైత్యం లెండి, ఏ పూజారి గారూ అలా చెప్పలేదు.

ఆ తర్వాత నెలకి స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళా. ఇదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఉన్నది ఒప్పుకుంటే మనిషి బద్ధకస్తుడైపోతాడు, ఎదుగుదల ఆగిపోతుంది అని ఆ వ్యాసంలో రాశారు, నా విషయంలో సరిగ్గా ఉల్టా జరిగింది. ఇరవై ఏళ్ళు డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే వెళ్తే నాకు నత్తి ఉందని ఒప్పుకున్నట్టు అవుతుందని. సరిపెట్టుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అండి, నేను రెండు బళ్ళు మారి ఇంటికెళ్ళానే, దాన్ని అంటారు సరిపెట్టుకోవడం అని.

ఆ మేడమ్ మొదటి నెలలోనే ఏం చెప్పిందో తెలుసా, రోజుకి ఒక్కసారైనా కావాలని నత్తిగా మాట్లాడి రండి అని. నవ్వొచ్చింది, తర్వాత చెమటలు పట్టాయి. కిరాణా కొట్టుకి వెళ్ళి క... క... కందిపప్పు అరకిలో అన్నా, కావాలనే. కొట్టాయన పప్పు తూచి ఇంకేం కావాలండి అన్నాడు. అంతే, ఆకాశం విరిగి మీద పడలేదు. దాచేద్దాం అని బిగబట్టే కొద్దీ గొంతు ఇంకా పట్టేస్తుంది, దాచేది లేదు అనుకున్నాక ఆ బిగుతు సగం తగ్గుతుంది, నత్తి అయితే పోలేదు, దాంతో పెనుగులాట తగ్గింది.

గీతలో ఆరో అధ్యాయం ఐదో శ్లోకం ప్రవచనాల్లో తెగ చెప్తారు, ఉద్ధరేదాత్మనాత్మానం అని, నిన్ను నువ్వే పైకి తెచ్చుకో అని ఆ ముక్క మీద అరగంట మాట్లాడతారు. వెంటనే నాత్మానమవసాదయేత్ అని ఉంది, నిన్ను నువ్వు కుంగదీసుకోకు అని, దాన్ని గబగబా దాటేస్తారు. నాకు ఆ రెండో ముక్కే ముందు కావాల్సొచ్చింది.

అలాగని అన్నిటికీ ఈ మాట పనికిరాదు. నా కోపాన్ని కూడా ఒప్పుకున్నా అని మా ఆవిడతో అంటే అది మాత్రం కుదరదు, పడేది మేము అంది. నిజమే.

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల నత్తి గురించి ఒక పేజీ వేయండి సార్. చిన్నతనంలో వందలో ఐదుగురికి వస్తుందంటారు, ఎక్కువమందికి దానంతట అదే పోతుంది, పెద్దయ్యాక వందకి ఒకరికి మిగులుతుంది. వాళ్ళ మాట మీరు పూర్తి చేయొద్దు, నెమ్మదిగా చెప్పరా అని పదిమందిలో అనొద్దు, మీరే కాస్త నిదానంగా మాట్లాడండి, అయ్యేదాకా ఆగండి, నెలల తరబడి తగ్గకపోతే మాత్రం థెరపిస్ట్‌కి చూపించండి అని రాయండి.

మొన్న శుక్రవారం బస్సులో కండక్టర్ అడిగితే గు... గు... గు... గుంటూరు అన్నా, బాగానే టైమ్ పట్టింది, వెనక కాలేజీ పిల్లలు కిసుక్కుమన్నారు, ఆయన మాత్రం అలా ఆగి విని టికెట్ కొట్టి చిల్లర లేదని వెనకాల రాసిచ్చాడు. ఆ సంతోషంలో గుంటూరులో దిగేటప్పుడు చిల్లర అడగడం మర్చేపోయా.

మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు