బుధవారం రాత్రి నెట్ ఎందుకు ఆగుతుంది, ‘ఒక్క ఫిల్టర్ వేస్తే పోదా’ అన్నవాళ్లకు నా జవాబు

అందరికీ నమస్కారం. ముందు అసలు విషయం. ఒక కస్టమర్ అడ్రసులు ఇంకొకరి అడ్రసులతో కలిసిపోకుండా మన నెట్ కంపెనీ రూటింగ్ (డేటా ఏ దారిన పోవాలో రూటర్లు తేల్చుకునే పద్ధతి) మారుస్తున్నాం, దానికి ఒక్క ఫిల్టర్ ఎందుకు చాలదో కింద చెప్తాను. వచ్చే బుధవారం రాత్రి 1 గంట నుంచి తెల్లవారి 4 దాకా రేణిగుంట, కరకంబాడి రోడ్డు, తిరుచానూరు వైపు మన కనెక్షన్లు కాసేపు ఆగి, కాసేపు వచ్చి, మళ్లీ ఆగుతాయి. చంద్రగిరి వైపు వాళ్లకు ఇదే పని ఆ తర్వాతి బుధవారం. స్పీడ్ ఏమైనా పెరుగుతుందా అని అడగబోతున్నారు కదా, పెరగదు. ఇళ్లలో వాడేవాళ్లకు ఈ పని అయ్యాక తేడా ఏమీ తెలియదు కూడా. ఇది ముఖ్యంగా రెండు మూడు బ్రాంచీలు ఉన్న వ్యాపారస్తుల కోసం, సొంత రూటర్ పెట్టుకున్న లాడ్జీల కోసం.

శనివారం ఎందుకు పెట్టలేదని ఒకరు అడిగారు. మన తిరుపతిలో శనివారం రాత్రి నెట్ ఆపితే ఇంకేమైనా ఉందా! రాత్రి రెండింటికి కూడా బస్సులు దిగుతుంటాయి, లాడ్జి కౌంటర్లో ఐడీ కార్డులు ఎక్కిస్తుంటారు, ఫోన్‌పే మోగుతుంటుంది. అందులోనూ భక్తులు పోటెత్తే పెరటాసి నెల శనివారాల సంగతి చెప్పక్కర్లేదు. వారం మధ్యలోనే మనకు కాస్త ఊపిరాడేది.

ఇక ఎందుకు చేస్తున్నామో చెప్తాను. ఈమధ్య ఒక ల్యాబ్ వాళ్లు ఫోన్ చేశారు. మెయిన్ సెంటర్ బైరాగిపట్టెడలో, శాంపిల్స్ తీసుకునే బ్రాంచి కరకంబాడి రోడ్డులో. ఇంటర్నెట్ బాగానే ఉంది, యూట్యూబ్ ఆడుతోంది, కానీ బ్రాంచి నుంచి మెయిన్ సెంటర్ సర్వర్ మాత్రం తెరుచుకోవట్లేదు. చూస్తే సర్వర్ ఉన్న అడ్రసు వరస 192.168.1.0/24, అంటే 192.168.1తో మొదలయ్యే అడ్రసులన్నీ. రేణిగుంట దగ్గర ఒక లాడ్జికి మన దగ్గర రెండు లైన్లు ఉన్నాయి, ఒకటి పోతే ఇంకోటి దానంతటదే అందుకోవాలని వాళ్ల రూటర్ మన నెట్‌వర్కుతో నేరుగా ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) మాట్లాడుతుంది. ఆ రూటర్‌ను కొత్తగా మార్చిన మనిషి లాడ్జి లోపలి అడ్రసులను కూడా అందులోకి వదిలాడు. అవి కూడా 192.168.1.0/24. మార్కెట్లో దొరికే రూటర్లలో చాలా ఇదే అడ్రసుతో వస్తాయి కాబట్టి ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఒకే అడ్రసు రెండు చోట్ల నుంచి, ఒకే ఖర్చుతో (డబ్బు కాదు, దారికి రూటర్లు వేసుకునే లెక్క) ప్రకటిస్తే, ఎవరికి ఏది దగ్గరైతే వాళ్లు అటు పోతారు. కరకంబాడి రోడ్డుకు రేణిగుంట దగ్గర. ల్యాబ్ రిపోర్టు వెతుక్కుంటూ వెళ్లిన ప్యాకెట్ (డేటా ముక్క) లాడ్జి గుమ్మం ముందు నిలబడింది.

లాడ్జి వైపు ఆ ప్రకటన తీసేయించాం, ఆ రోజుకు సమస్య తీరింది. కానీ ఈ సంగతి నలుగురికీ తెలిసి మిగతా వ్యాపారస్తులు ఫోన్లు మొదలుపెట్టారు. ‘ఏం సామీ, మా అడ్రసులు వేరేవాళ్లకు కనపడకుండా ఒక ఫిల్టర్ వేస్తే పోదా, ఒక లైన్ పనేగా’ అని. ఒకాయనకైతే ఇంకో కంపెనీ మనిషి పది నిమిషాల్లో చేసిస్తానని చెప్పాడట. ఆ లైన్ నాకూ తెలుసు. దాన్ని వేస్తే ఏమవుతుందో మీకూ తెలియాలనే ఈ రాత.

పాత పద్ధతి రూటింగ్, అంటే రిప్ లాంటివి, బస్టాండులో దిగిన యాత్రికుడు కపిలతీర్థానికి దారి అడిగినట్టు ఉంటాయి. ఒకాయన అటు పొమ్మంటాడు, అక్కడికి పోయాక ఇంకొకాయన ఇటు పొమ్మంటాడు. మధ్యలో ఒకాయన నోరు మూసుకుంటే ఆ దారి సంగతి అవతలివాళ్లకు చేరదు. అక్కడ ఫిల్టర్ నిజంగా పనిచేస్తుంది. ఓఎస్‌పీఎఫ్‌లో అలా కాదు, అక్కడ ప్రతి ఒక్కరి చేతిలో ఊరి మ్యాపు ఉంటుంది, అందరిదీ ఒకటే మ్యాపు. ప్రతి రూటర్ తన లైన్లేవి, తన పొరుగువాళ్లెవరు అని ఒక చీటీ రాస్తుంది, దాన్ని లింక్ స్టేట్ అడ్వర్టైజ్‌మెంట్ అంటారు, మేం ఎల్ఎస్ఏ అంటాం. ఆ చీటీని పక్క రూటర్ చదివి, ఒక్క అక్షరం మార్చకుండా అవతలికి పంపాలి. ఏరియా (ఒకే మ్యాపు పంచుకునే రూటర్ల గుంపు) అంతటికీ అన్ని చీటీలూ చేరాక, ఎవరికి వాళ్లు డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతితో దగ్గర దారి లెక్కేసుకుంటారు. ఒకే ఏరియాలో ఉన్న అందరి మ్యాపూ ఒకేలా ఉండాలన్నది ఈ ప్రోటోకాల్‌కు పునాది. 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2328 అనే ప్రమాణ పత్రం ఇప్పటికీ దీనికి ఆధారం, మొత్తం అదే లెక్క మీద నడుస్తుంది.

ఇప్పుడు ఆ ‘ఒక లైన్’ సంగతి. దాన్ని డిస్ట్రిబ్యూట్ లిస్ట్ అంటారు. లోపలికి వచ్చే వైపు వేస్తే అది ఆ ఒక్క రూటర్ సొంత రూటింగ్ టేబుల్ (దారుల పట్టిక)లోకి ఆ దారి ఎక్కకుండా ఆపుతుంది, అంతే. చీటీ మాత్రం ఎప్పటిలాగే అవతలికి పోతూనే ఉంటుంది. కరకంబాడి రోడ్డు రూటర్లో దాన్ని వేశామనుకోండి. లీలామహల్ దగ్గరున్న మన మెయిన్ రూటర్‌కు మ్యాపులో రేణిగుంట లాడ్జి దారి కరకంబాడి మీదుగా స్పష్టంగా కనపడుతుంది, దానికి ఈ ఫిల్టర్ ఉందన్న సంగతే తెలియదు, ప్యాకెట్ అటు తోసేస్తుంది. కరకంబాడి రూటర్ తన టేబుల్ చూసుకుంటుంది, ఆ అడ్రసు లేదు, డిఫాల్ట్ రూట్ (టేబుల్లో లేని అడ్రసులన్నిటినీ పంపే దారి) మాత్రం ఉంది, అది లీలామహల్ వైపే. వెనక్కి పంపుతుంది. లీలామహల్ మళ్లీ కరకంబాడికి. ఇలా ఆ ప్యాకెట్ టీటీఎల్ (ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) అయిపోయేదాకా, అంటే 64తో బయల్దేరితే అది సున్నా అయ్యేదాకా, రెండు రూటర్ల మధ్య తిరిగి తిరిగి చస్తుంది. ట్రేస్‌రూట్ (ప్యాకెట్ పోయే దారి చూపే కమాండ్) కొడితే ఒకే రెండు అడ్రసులు వరసగా మార్చి మార్చి కనపడుతుంటాయి. డిఫాల్ట్ రూట్ కూడా లేకపోతే కరకంబాడి దగ్గరే మాయం. రెండింట్లో ఏదైనా మీకు కనపడేది ‘నెట్ ఉంది కానీ పనిచేయదు’ అన్న టెన్షనే, దాని కారణం పట్టుకోవడానికి మాకు పట్టే టైమేమో లైను తెగినప్పటికంటే ఎక్కువ. పది నిమిషాల్లో చేస్తానన్నాయన అబద్ధం చెప్పలేదు, చేయడానికి పది నిమిషాలు చాలు.

అంటే ఓఎస్‌పీఎఫ్‌లో ఫిల్టర్ పనిచేసే చోట్లు వేరే ఉన్నాయి. ఒకటి, దారి పుట్టే చోటు. బయటి అడ్రసు మన నెట్‌వర్కులోకి అడుగుపెట్టే రూటర్ దగ్గరే ఇవి రావచ్చు, ఇవి రాకూడదు అని జాబితా పెట్టాలి. ఒకసారి చీటీ రాసి వదిలేశాక దాన్ని మధ్యలో పట్టుకోవడం లేదు. రెండోది ఏరియా సరిహద్దు. ఒక ఏరియా మ్యాపు ఇంకో ఏరియాలోకి పోదు, సరిహద్దులో ఉన్న రూటర్ తన లోపల ఉన్నవాటి సారాంశం మాత్రం కొత్త చీటీగా రాసి అవతలికి ఇస్తుంది. తానే రాసేది కాబట్టి రాయకుండా ఉండొచ్చు, లేదా వంద అడ్రసులను కలిపి ఒకటిగా రాయొచ్చు. ఒక వరస అడ్రసులను అసలు చెప్పొద్దు అనే సదుపాయం ఆ ఆర్ఎఫ్‌సీలోనే ఉంది.

ఇక్కడొక మెలిక. లాడ్జి రూటర్ వదిలినట్టు బయటి నుంచి తెచ్చి కలిపిన అడ్రసులు టైప్ 5 చీటీలుగా తిరుగుతాయి. మామూలు ఏరియాల సరిహద్దును అవి దర్జాగా దాటేస్తాయి, సారాంశాలకు వేసిన ఫిల్టర్ వాటిని తాకదు. వాటిని రానివ్వకూడదంటే ఏరియాను స్టబ్ చేయాలి. స్టబ్ చేస్తే ఆ ఏరియాలో ఎవరూ బయటి అడ్రసులు కలపడానికీ వీల్లేదు, కలపాలంటే ఎన్ఎస్ఎస్ఏ అని ఇంకో రకం ఉంది. మేం దానికి పోవట్లేదు, ఎందుకంటే లాడ్జి రూటర్లతో ఓఎస్‌పీఎఫ్ మాట్లాడటమే ఆపేస్తున్నాం.

అదే ఈ పనిలో మీకు తగిలే మొదటి మార్పు. సొంత రూటర్, రెండు లైన్లు ఉన్నవాళ్లను బీజీపీకి మారుస్తాం. అది పొరుగువాడితో నేరుగా మాట్లాడే పద్ధతి, మీరు ఏం చెప్పొచ్చో మీ ఒక్కరి వరకే జాబితా పెట్టొచ్చు, ఆ జాబితాలో లేనిది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఒక్క లైన్ ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు, మామూలు స్టాటిక్ రూట్ (చేత్తో రాసిపెట్టే దారి) చాలు. మీ రూటర్ చూసుకునే మనిషి నంబరు మాకు పంపండి, సెట్టింగులు ఆయనకే ఇస్తాం. బీజీపీ రాని రూటర్ అయితే మా దగ్గరున్న చిన్నది ఒకటి పెడతాం, దానికి అద్దె తీసుకోం.

రెండోది ఏరియాలుగా విడగొట్టడం. లీలామహల్, బైరాగిపట్టెడ, ఎంఆర్ పల్లి మధ్యలో ఏరియా 0. రేణిగుంట, కరకంబాడి రోడ్డు కలిపి ఒకటి, తిరుచానూరు ఒకటి, చంద్రగిరి ఒకటి. ప్రతి ఏరియాకూ ఒక అడ్రసు వరస, బయటికి చెప్పేది ఆ ఒక్క వరసే. రేణిగుంట వైపు సరిహద్దు రూటర్లు రెండు ఉంటాయి, రెండింట్లోనూ ఒకే ఫిల్టర్ ఉండాలి, ఒకదాంట్లో మర్చిపోతే దాచిన దారి రెండోదాని గుండా బయటికొస్తుంది. అందుకే రెండూ ఒకే ఫైలు నుంచి ఎక్కిస్తున్నాం. దీనివల్ల ఇంకో లాభం, రేణిగుంట రోడ్డులో జేసీబీ మన కేబుల్ తెంపినప్పుడు (తెంపుతుంది, కాలువ పనులు ఎప్పుడూ ఉంటాయి) చంద్రగిరి రూటర్లు మ్యాపంతా మళ్లీ లెక్కేసుకోవాల్సిన పని ఉండదు.

మరి మూడు గంటలెందుకు? ఓఎస్‌పీఎఫ్ రూటర్లు మామూలుగా 10 సెకన్లకోసారి ఒకదానికొకటి హలో చెప్పుకుంటాయి, ఆ హలోలోనే ఏరియా నంబరు ఉంటుంది. రెండు వైపులా నంబరు కలవకపోతే పొరుగుతనం ఒప్పుకోవు. ఒక వైపు మార్చిన క్షణం నుంచి రెండో వైపు మార్చేదాకా ఆ లైన్ మీద దారి ఉండదు, ఆఫీసులో కూర్చుని అవతలి రూటర్లోకి మేం కూడా పోలేం. అందుకని రేణిగుంటలో, తిరుచానూరులో మా కుర్రాళ్లు ల్యాప్‌టాప్ పట్టుకుని రూటర్ పక్కనే కూర్చుంటారు. ఒక్కో చోట ఆగేది కొద్ది నిమిషాలే, కానీ ఏ చోటు ఏ నిమిషానికి అని గ్యారంటీ ఇవ్వలేను. నైట్ డ్యూటీ లాడ్జీల వాళ్లు కౌంటర్లో ఒక ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి.

ఇంకొకటి కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ‘ఇక మా సర్వర్ ఎవరికీ అందదు కదా’ అని ఇప్పటికే అంటున్నారు. అందుతుంది. దారి కనపడకపోవడం వేరు, ప్యాకెట్‌ను రానివ్వకపోవడం వేరు. రేణిగుంట రూటర్లో మీ అడ్రసు లేకపోయినా ఇంటర్నెట్ కోసం డిఫాల్ట్ రూట్ ఉండక తప్పదు, దాన్ని పట్టుకుని ప్యాకెట్ సరిహద్దుకు వస్తే అక్కడ మీ అడ్రసు తెలుసు, తీసుకొచ్చి దింపుతుంది. ఆపాలంటే ఫైర్‌వాల్ రూల్ వేరే రాయాలి, అడిగినవాళ్లందరికీ ఉచితంగానే రాస్తాం.

అసలు మీ బ్రాంచీల ట్రాఫిక్ మిగతావాళ్ల టేబుల్లో కలవనే కూడదనుకుంటే దానికి వీఆర్ఎఫ్ ఉంది, మీకంటూ విడి రూటింగ్ టేబుల్. అప్పుడు మీది 192.168.1.0, పక్కవాళ్లదీ అదే అయినా గొడవ లేదు. దీనికి మాత్రం నెలకు అదనంగా చార్జి ఉంటుంది, పెద్ద రూటర్ల లైసెన్సు ఖర్చు ఉచితంగా భరించే స్తోమత మాకు లేదు. ఒకే చోట కొట్టు, ఒక్క కనెక్షన్ ఉన్నవాళ్లకు ఇది దండగ, నేనే వద్దంటాను. ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, బ్రాంచీలున్న బట్టల షాపులు ఆలోచించుకోండి. వీఆర్ఎఫ్ వద్దనుకుని బ్రాంచీల మధ్య 192.168.1 వరస వాడుతున్నవాళ్లు అడ్రసులు మార్చుకోవాల్సి వస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ప్రింటర్లలో పాత అడ్రసు ఎక్కడెక్కడ రాసిపెట్టి ఉందో ముందు ఒక కాగితం మీద రాసుకుని ఉంచండి, మా మనిషి వచ్చి పక్కన కూర్చుని మారుస్తాడు. ఏది కావాలో ఆదివారం సాయంత్రం లోపల ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పండి. చెప్పనివాళ్లవి బుధవారం రాత్రి కదిలించం, చంద్రగిరి పనితో పాటు చూస్తాం.