ఫోన్ లాక్కుంటే పిల్లలు నోరు విప్పరు

సంపాదకులకు,

ఆన్‌లైన్ వేధింపు బయటపడగానే చాలా ఇళ్లలో మొదట చేసే పని ఫోన్ లాక్కోవడం. పిల్లలు విషయం దాచేది చాలాసార్లు ఈ భయంతోనే. వేధించినవాళ్లు బాగానే ఉంటారు, శిక్ష మాత్రం తమకే పడుతుందని వాళ్లకు తెలుసు.

దయచేసి ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి పక్కన కూర్చోండి. ఏదీ డిలీట్ చేయకముందే స్క్రీన్‌షాట్లు తీయించండి. యూజర్‌నేమ్, తేదీ, సమయం కనిపించాలి, ప్రొఫైల్ లింకు విడిగా రాసుకోవాలి. కంగారులో ముందే బ్లాక్ చేస్తే కొన్ని యాప్‌లలో ఆ ప్రొఫైల్ మళ్లీ తెరుచుకోదు, ఆధారం చేజారుతుంది. రోజూ తరగతిలో ఎదురుపడేవాళ్లను బ్లాక్ చేస్తే కక్ష పెరగొచ్చు కూడా. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘రెస్ట్రిక్ట్’ ఉన్నది అందుకే. అవతలివాళ్లకు కబురు వెళ్లదు, వాళ్లు కొత్తగా పెట్టే కామెంట్లు మీరు అనుమతిస్తే తప్ప ఇతరులకు కనబడవు.

నగ్న చిత్రాలతో బెదిరిస్తే డబ్బు ఇవ్వొద్దు, ఇచ్చాక ఇంకా అడుగుతారు. ఆ చిత్రాన్ని సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపొద్దు. 18 ఏళ్లలోపు వయసులో తీసినవాటిని ఆన్‌లైన్‌లోంచి తీసేయించేందుకు ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. చిత్రం ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే ఆ సేవలో చేరిన సంస్థలకు అందుతుంది. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఇంకెవరూ చూడలేని చాట్లలో మాత్రం ఇది పనిచేయదు.

ఇక బడుల సంగతి. వేధించినవాళ్లనూ, వేధింపుకు గురైనవాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించి పంపేయడం మానాలి. బలం ఒకవైపే ఉన్నచోట అది రాజీ కాదు. విడివిడిగా మాట్లాడండి, నెల తర్వాత మళ్లీ అడగండి.

– కౌమార మానసిక ఆరోగ్య సలహాదారులు