పాత పరుపు చాలదు

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఇళ్లలోనే ఎయిర్ గన్‌తో షూటింగ్ ప్రాక్టీసు చేస్తున్న పిల్లల గురించి వేసిన కథనం మా ఇంట్లో అందరం చదివాం. పిల్లల పట్టుదల గురించి రాసినందుకు సంతోషం. కానీ టార్గెట్ వెనక ఏం పెట్టాలన్న దానికి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ‘గోడకు పాత పరుపు ఆనిస్తే చాలు’ అట. వారం రోజులుగా ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

మా అమ్మాయి నాలుగేళ్లుగా, గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ పిస్టల్ కాలుస్తోంది. పెరట్లో పోటీ దూరమైన 10 మీటర్లు కొలిచి, వెనక అడ్డు నేనే కట్టాను. మొదట నేనూ పరుపే పెట్టాను. కొన్నాళ్లకే మధ్యలో దూది నలిగిపోయి పిడికిలి పట్టేంత గొయ్యి పడింది. గురి కుదిరే కొద్దీ పెల్లెట్లన్నీ, అంటే ఆ చిన్న గుండ్లన్నీ, ఒకే చోట తగులుతాయి కదా! పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. రోజూ 60 పెల్లెట్లు ఆ చుట్టుపక్కలే పడుతుంటే ఏ దూది ఆపుతుంది? ఒకరోజు గోడకు కొట్టుకుని తిరిగొచ్చిన పెల్లెట్ నా కాళ్ల దగ్గర పడింది. చొక్కా బొత్తంలా చదునుగా అయిపోయింది. అది అమ్మాయి కంటికి తగిలి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తర్వాత ప్లైవుడ్ పెట్టి చూశాం, అదీ అంతే.

చివరికి వెల్డింగ్ షాపులో 3 మిల్లీమీటర్ల ఇనప రేకు కోయించి, పై అంచు షూటర్ వైపు వాలేలా 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కపెట్టెలో బిగించాం. తగిలిన పెల్లెట్ కిందికి మళ్లి ఇసుక ట్రేలో పడుతుంది. ముందు ఒక గోనెపట్టా వేలాడుతుంది, ముక్కలు ఎగిరి రాకుండా. పెట్టె వెనక ఇటుక గోడ. టార్గెట్ కాగితం 17 సెంటీమీటర్లే అయినా పెట్టె మూడడుగులు చేయించాను. కాగితం తప్పిన గుండు కోసమే కదా అడ్డు కట్టేది! ఉక్కు గోళీలు మాత్రం దీని మీద కాల్చకూడదు. అవి నలగవు, ఎగిరి వెనక్కి రావచ్చు.

ఇక మీ ఫొటో. టార్గెట్ వెనక మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల పక్కింటివాళ్లు ఆరేసిన చీరలు. పిల్లవాడి కళ్లకు అద్దాలు లేవు. పెల్లెట్ డబ్బా పక్కనే ఇడ్లీ ప్లేటు! పెల్లెట్లు సీసంతో చేసినవండీ. మా ఇంట్లో సబ్బుతో చేతులు కడగందే అన్నం ముట్టుకోనివ్వను. ట్రే దగ్గర చీపురు వాడం, దుమ్ము లేస్తుందని తడిగుడ్డతోనే తుడుస్తాం. ఇవేవీ మీ విలేకరి అడగలేదా? ఒకప్పుడు ఇలాంటివి రాసేముందు తెలిసినవాళ్లను నలుగురిని అడిగేవారు.

పోయిన ఎండాకాలం మా వెనక వీధిలో ఒకరి వంటింటి కిటికీ అద్దానికి పెల్లెట్ తగిలి శనగగింజంత రంధ్రం పడింది. చుట్టూ సాలెగూడులా పగుళ్లు. ఆ ఇల్లాలు అప్పుడే పొయ్యి దగ్గర నుంచి పక్కకు జరిగిందట. ఫిర్యాదు చేయడానికి వెళితే ఒక ఆఫీసులో ఇది తుపాకీ కిందికి రాదన్నారు, ఇంకో ఆఫీసులో తమ పరిధి కాదన్నారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు .177 అంగుళం), గుండు శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. లైసెన్స్ అక్కర్లేనంత మాత్రాన అది బొమ్మ అయిపోతుందా? అమ్మేవాడూ చెప్పడు, అధికారులూ చెప్పరు.

2012 లండన్ ఒలింపిక్స్ షూటింగ్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో షూటర్ ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చింది. ప్రతిసారీ దండలు, ఫ్లెక్సీలు, హామీలు. మా అమ్మాయి మాత్రం సరైన రేంజ్‌లో కాల్చాలంటే తెల్లవారుజామున బస్సెక్కి గచ్చిబౌలి వెళ్లాలి. జిల్లా స్టేడియంలో వాడకుండా తాళం వేసి ఉంచిన హాలు ఒకటుంది. దాని కొలత నేనే టేపు పెట్టి చూశాను, 10 మీటర్లు దాటి ఉంది. రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. జవాబు లేదు.

దయచేసి ఆ పరుపు మాటను సవరిస్తూ, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. మీ ఫొటోగ్రాఫర్‌ను మా ఇంటికి పంపితే పెట్టె చూపిస్తాను, కొలతలన్నీ రాసిస్తాను. ఆ కథనం చదివి ఇప్పటికే దాబా మీద పరుపు ఆనించినవాళ్లు ఉండి ఉంటారు. వాళ్లకు ఈ వారంలోనే తెలియాలి.

ఇట్లు,
ఒక షూటర్ తండ్రి