నీళ్లలో దిగనివాడిది సాహసం కాదా?

గౌరవనీయులైన కేంద్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఒక హైస్కూల్లో నేను పీఈటీని. పోయినేడు సార్వా రోజుల్లో కాలువ నిండుగా పారుతుంటే ఇద్దరు పిల్లలు రేవులో కాలు జారి పడ్డారు. గట్టు మీద గేదెలు మేపుకుంటున్న మా తొమ్మిదో తరగతి కుర్రాడికి ఈత రాదు. గేదె తాడు ఊడదీసి, రేవులో పడి ఉన్న ఖాళీ నూనె టిన్నుకు కట్టి విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి పెద్దపిల్ల టిన్నును వాటేసుకుంది, చిన్నాడు ఆమె గౌను పట్టుకున్నాడు. ఇద్దరూ బతికారు.

ప్రాణాలు కాపాడినవాళ్లకు కేంద్రం ఇచ్చే జీవన్ రక్షా పదక్‌కు పంపుదామని కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి చదివి, "కుర్రాడు నీళ్లలో దిగాడా?" అన్నాడు. లేదన్నాను. "మరిక సాహసం ఏముంది మాస్టారూ?" అంటూ కాగితాలు నా వైపు జరిపాడు.

ఆయన్ని అని లాభం లేదు, రూలే అలా ఉంది. ఈ పతకాలు మూడు రకాలు. అన్నిటికన్నా పైదైన సర్వోత్తమ్ రావాలంటే కాపాడినవాడి ప్రాణానికి చాలా పెద్ద ముప్పు ఉండాలి. రెండోదైన ఉత్తమ్‌కు పెద్ద ముప్పు, మూడోదానికి ఒంటికి తీవ్ర గాయం. 1961 నుంచి ఇస్తున్న పతకాలివి. చావుకు ఎంత దగ్గరగా వెళ్లాడో కొలుస్తున్నాం తప్ప, ఎంత తెలివిగా కాపాడాడో చూడటం లేదు.

పతకాలే వద్దనను. వాటితో వచ్చే 2 లక్షలు, లక్షన్నర, లక్ష అంటే మా ఊళ్లో చిన్న డబ్బు కాదు. పైగా ఎవరినో కాపాడబోయి కొడుకు పోతే, ఊరంతా "వాడెందుకు దూకాడో" అంటుంది. వాడు చేసింది గొప్ప పనని ఆ తల్లికి ప్రభుత్వం చెప్పడం డబ్బు కన్నా పెద్ద విషయం.

నా టెన్షన్ పిల్లల గురించి. 1957 అక్టోబరు 2న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నెహ్రూ ఉన్న షామియానాకు నిప్పంటుకుంటే, 14 ఏళ్ల స్కౌట్ కుర్రాడు పైకెక్కి చాకుతో గుడ్డ కోసేశాడు. పిల్లల సాహస అవార్డులు పుట్టింది అక్కడే. అసెంబ్లీలో ఈ కథ చెప్పి దిగానో లేదో, ఏడో తరగతివాడు అడిగాడు: "సార్, ఈత రాకపోయినా దూకితే అవార్డిస్తారా?" పిల్లలంతా నవ్వారు. నాకు గుండె ఝల్లుమంది. స్కౌట్ కుర్రాడి దగ్గర చాకుందనీ, దాన్ని వాడటం వాడికి తెలుసుననీ అప్పుడు మళ్లీ చెప్పాను.

రోడ్డు ప్రమాదాల దగ్గర మీ ప్రభుత్వమే వేరేగా ఆలోచించింది. గాయపడ్డవాణ్ని గోల్డెన్ అవర్‌లో, అంటే దెబ్బ తగిలిన మొదటి గంటలో, ఆస్పత్రికి చేరిస్తే 'రాహ్‌వీర్' పథకం కింద 25 వేలు ఇస్తున్నారు. 2025కు ముందు అది 5 వేలే. నీకేమైనా దెబ్బ తగిలిందా అని అక్కడ ఎవరూ అడగరు. నీళ్లకూ నిప్పుకూ కరెంటుకూ అదే పెట్టండి. షాక్ కొట్టినవాణ్ని చేత్తో లాగబోయి పోయినవాడికి పతకం ఇవ్వండి, పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపినవాడికీ ఇవ్వండి.

మా కుర్రాడు ఇప్పుడు పదిలో ఉన్నాడు. ఆ టిన్నును తాడుతో సహా రేవు పక్క తుమ్మచెట్టుకు వేలాడదీశాడు. రెండుసార్లు ఎవరో ఎత్తుకుపోయారు. రెండుసార్లూ ఇంకోటి తెచ్చి కట్టాడు.

ఇట్లు,
ఒక పీఈటీ మాస్టారు