రెడ్ రాక్‌లో నీళ్లిచ్చిన పెద్దాయనకు

మీ పేరు అడగడం కూడా మర్చిపోయామండీ. మీకు తెలుగు రాదు, ఇది చదవలేరు కూడా. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

లాస్ వేగస్ పక్కన రెడ్ రాక్ కాన్యన్‌లో, క్యాలికో ట్యాంక్స్ అనే నడకదారిలో మా నాన్న కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. రానూపోనూ రెండున్నర మైళ్లే కదా అని ఇద్దరికీ కలిపి ఒక్క చిన్న నీళ్ల సీసా పట్టుకెళ్లాం. తప్పు నాదే. వేగస్‌లో స్ట్రిప్ అనే కాసినోల వీధిలో, ఏసీలో రెండు రోజులు తిరిగితే ఎడారిలో ఉన్నామన్న సంగతే గుర్తుండదు. ఆ పొడి గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలియదు.

మీరు నాన్నను బండ నీడకు జరిపి, మీ టోపీతో విసిరారు. నీళ్లలో ఏదో ఉప్పుపొడి కలిపి, సీసా మూతకంటిన ఎర్ర ఇసుకను చొక్కాతో తుడిచి, గుక్క గుక్కగా తాగించారు. తర్వాత చెయ్యి పట్టుకుని ఆ రాతి మెట్ల మీదుగా పార్కింగ్ దాకా దించారు.

పైన రాతిగుంటలో నీళ్లు నిలుస్తాయట, అక్కడి నుంచి స్ట్రిప్ కనిపిస్తుందట. మేం చూడనేలేదు. ఇంటికొచ్చాక స్ట్రిప్‌లోని బెల్లాజియో హోటల్ ఫౌంటెన్లు ఎలా ఉన్నాయని ఎవరడిగినా, నాన్న మీ సీసా నీళ్ల గురించే చెబుతున్నారు.